కరాచీలో పుట్టి మోంటానాలో కాపుకాస్తున్న 341

అమెరికా వాయవ్యాన, కెనడా సరిహద్దును ఆనుకుని ఉన్న మోంటానా రాష్ట్రంలో గోధుమ పొలాల మధ్య 150 క్షిపణి సైలోలు ఉన్నాయి. బయట నుంచి చూసేవారికి కంచె, కాంక్రీటు మూత, నాలుగైదు స్తంభాలు తప్ప మరేమీ కనిపించవు. ఆ మూత కింద మినిట్‌మ్యాన్-3 ఖండాంతర క్షిపణి నిలువునా నిలబడి ఉంటుంది. అధ్యక్షుడి ఆదేశం అందిన కొద్ది నిమిషాల్లో బయలుదేరి, అరగంటలో భూగోళం అవతలి వైపుకు చేరగలదు. వీటిని నడిపేది, కాపాడేది అమెరికా వైమానిక దళానికి చెందిన 341వ క్షిపణి వింగ్. దాని మూలాలు మాత్రం అమెరికాలో లేవు. 1942 సెప్టెంబరు 15న, అవిభక్త భారతదేశంలోని కరాచీ శివార్లలో, మలీర్ సైనిక శిబిరంలో 341వ బాంబర్ గ్రూపుగా దాని చరిత్ర మొదలైంది.

ఈ ఎనభై ఏళ్లలో ఆ దళం మూడు ఆయుధాలు చేపట్టింది. తొలుత రెండు ఇంజన్ల బి-25 బాంబర్లు, తర్వాత ఆరు జెట్ ఇంజన్ల బి-47లు, ఆ తర్వాత క్షిపణులు. ఆయుధం మారిన ప్రతిసారీ దళం చేయవలసిన పని స్వభావమే మారిపోయింది. సైనిక చరిత్రల్లో ఆయుధాల వేగం, బరువు, దూరం గురించి పుటలకు పుటలు ఉంటాయి కానీ ఈ మార్పు గురించి పెద్దగా ఉండదు. బర్మాలో ఈ దళానికి అప్పగించిన పని వంతెనలు కూల్చడం. మోంటానాలో అప్పగించిన పని ఎదురుచూడటం. చేయడం కోసం తయారైన సంస్థ ఎదురుచూడటం నేర్చుకోవాల్సి వస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి 341 కంటే మంచి ఉదాహరణ దొరకదు.

1942 నాటి పరిస్థితి గుర్తు చేసుకుంటే ఈ దళం కరాచీలో ఎందుకు మొదలైందో అర్థమవుతుంది. ఆ ఏడాది మార్చిలో రంగూన్ జపాన్ వశమైంది. చైనాకు సామగ్రి చేరవేసే బర్మా రోడ్డు మూసుకుపోయింది. ఏప్రిల్ 6న జపాన్ నౌకాదళ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. తూర్పు తీరమంతా భయంతో వణికిపోతున్న రోజులవి. జపాన్ విమానాలకు అందనంత దూరంలో ఉన్న పెద్ద రేవు కరాచీ. అమెరికా నుంచి వచ్చే మనుషులూ, సామగ్రీ అక్కడే దిగేవారు. అమెరికా 10వ వైమానిక సేన తన మధ్యతరహా బాంబర్లను ఒక గొడుగు కిందికి తేవడానికి 341వ గ్రూపును అక్కడ ఏర్పాటు చేసింది. అందులో నాలుగు స్క్వాడ్రన్లు. అప్పటికే యుద్ధంలో ఉన్న 7వ గ్రూపు నుంచి 11, 22 వచ్చాయి. 490, 491 కొత్తగా పుట్టాయి. అంతకు కొద్ది నెలల ముందు టోక్యోపై దాడి చేసిన డూలిటిల్ బృందంలో ప్రాణాలతో బయటపడిన కొందరు వైమానికులు కూడా ఈ ప్రాంతంలోనే ఉండిపోయి ఆ పాత స్క్వాడ్రన్లలో పనిచేశారు.

1943 జనవరిలో గ్రూపు కేంద్రం చాకులియాకు మారింది. ఖరగ్‌పూర్ నుంచి టాటానగర్ వెళ్లే రైలు మార్గంలో, నేటి ఝార్ఖండ్‌లో ఉన్న చిన్న ఊరది. బి-25లు అక్కడి నుంచి, ఆ తర్వాత ఢాకా దగ్గరి కుర్మిటోలా నుంచి ఎగిరి బర్మాలోని జపాన్ రవాణా మార్గాల మీద పడేవి. బర్మా భౌగోళిక స్వరూపమే వాటి లక్ష్యాన్ని నిర్ణయించింది. నదులన్నీ ఉత్తరం నుంచి దక్షిణానికి పారతాయి. వాటి ఉపనదులను దాటుతూ వెళ్లే ఒకే వరుస రైలు మార్గం మీదే జపాన్ సేనల తిండీ, తూటాలూ ఆధారపడి ఉన్నాయి. దారిలో వందలకొద్దీ వంతెనలు. ఒక్క వంతెన కూలినా వెనకున్న రైళ్లన్నీ ఆగిపోతాయి.

అయితే వంతెనను కూల్చడం వినడానికి ఉన్నంత తేలిక కాదు. వేల అడుగుల ఎత్తు నుంచి చూస్తే రైలు వంతెన ఒక సన్నని గీత. పది పదిహేను అడుగుల వెడల్పున్న ఆ గీత మీద బాంబు పడాలంటే గాలి, వేగం, ఎత్తు అన్నీ కలిసిరావాలి. ఎక్కువసార్లు కలిసిరాలేదు. నీటిని ఆనుకుని ఎగురుతూ బాంబు వదిలే పద్ధతి ఓడల మీద బాగా పనిచేసింది. చెరువులోకి పలక రాయి విసిరితే గెంతుతూ పోయినట్టు ఆ బాంబు నీటి మీద గెంతి ఓడ పక్కటెముకలకు తగిలేది. కానీ వంతెనకు ఓడకున్నట్టు అడ్డంగా నిలిచే గోడ లేదు. బాంబు స్తంభాల మధ్య నుంచో, పై నుంచో గెంతి అవతలి ఒడ్డున పేలేది. ఇలా 490వ స్క్వాడ్రన్ నెలల తరబడి విసిగిపోయింది.

1944 జనవరి 1న మూ నది వంతెన మీదికి వెళ్లిన మేజర్ ఎర్డిన్ దానికి పరిష్కారం కనిపెట్టాడు, అదీ అనుకోకుండా. వంతెన వైపు తక్కువ ఎత్తులో దూసుకువెళుతుండగా ఎదురుగా చెట్టు అడ్డొచ్చింది. తప్పించుకోవడానికి విమానం ముక్కు పైకెత్తాడు. సరిగ్గా అప్పుడే బాంబులు వదిలాడు. విమానం పైకి లేవడంతో బాంబులు నేలకు సమాంతరంగా గెంతకుండా వాలుగా దిగి పాతుకున్నాయి. వెనక్కి తిరిగి చూస్తే వంతెన రెండు ఖానాలు నీళ్లలో ఉన్నాయి. ఇది అదృష్టమో, విద్యో తేల్చుకోవడానికి స్క్వాడ్రన్ సాధన మొదలుపెట్టింది. కొద్దిగా కిందికి వాలుతూ రావడం, ఆఖరి క్షణంలో ముక్కెత్తి బాంబు వదలడం, బాంబు కొన్ని సెకన్లు ఆలస్యంగా పేలేలా అమర్చి ఆలోగా తప్పుకోవడం. ఇలా తయారైన పద్ధతికి ‘గ్లిప్ బాంబింగ్’ అని పేరు స్థిరపడింది. వాలడాన్నీ, గెంతడాన్నీ కలిపి కట్టిన పేరది. 490వ స్క్వాడ్రన్‌కు ‘బర్మా బ్రిడ్జ్ బస్టర్స్’ అనే బిరుదు దక్కింది.

ఈ సంఘటన మీద కొంచెం నిలబడటానికి కారణం ఉంది. ఇక్కడ ఒక పైలట్ తన లక్ష్యాన్ని కళ్లారా చూస్తున్నాడు. పొరపాటు జరిగితే అదే క్షణంలో తెలుస్తుంది. పొరపాటు నుంచి కొత్త పద్ధతి పుడుతుంది. మరుసటి వారం స్క్వాడ్రన్ అంతా దాన్ని ఆచరణలో పెడుతుంది. పనికీ ఫలితానికీ మధ్య అడ్డుతెర లేదు. తర్వాతి కాలంలో ఈ దళం పోగొట్టుకున్నది సరిగ్గా దీన్నే.

1944 జనవరిలో గ్రూపు కేంద్రం చైనాలోని కున్మింగ్‌కు, ఆ ఏడాది చివర్లో యాంగ్‌కాయ్‌కి వెళ్లింది. 490వ స్క్వాడ్రన్ మాత్రం భారత్-బర్మా రంగంలోనే ఉండిపోయింది. చైనాలో ప్రతి చుక్క పెట్రోలూ, ప్రతి బాంబూ హిమాలయాల మీదుగా రవాణా విమానాల్లో రావాల్సిందే. ఒక బాంబరు ఒకసారి ఎగరాలంటే దానికి కావలసిన ఇంధనం మోయడానికి అంతకుముందు ఎన్ని విమానాలు ‘హంప్’ అని పిలిచే ఆ పర్వత మార్గం దాటాయో లెక్కేసుకోవాల్సిన స్థితి. అలాంటి పరిస్థితిలోనే గ్రూపు నేటి వియత్నాం భూభాగమైన ఫ్రెంచ్ ఇండోచైనాలోని రైలు వంతెనల మీద గ్లిప్ పద్ధతిని ప్రయోగించింది. 1944 డిసెంబరు నుంచి 1945 మార్చి దాకా చేసిన ఆ దాడులకు గౌరవ ప్రశంస లభించింది.

ఈ గ్రూపు ఖాళీ చేసిన చాకులియాకు వెంటనే మరో పాత్ర దక్కింది. 1944లో అమెరికా తన అతిపెద్ద బాంబర్ బి-29ను యుద్ధంలోకి దించింది బెంగాల్ ప్రాంతం నుంచే. చాకులియా, పియార్‌డోబా, దూద్‌కుండి, ఖరగ్‌పూర్‌లలో రన్‌వేలు కట్టారు. బి-29ల తొలి పోరాట యాత్ర ఆ జూన్ 5న ఇక్కడి నుంచి బ్యాంకాక్ మీదికి సాగింది. ఖరగ్‌పూర్ పేరు తెలుగువారికి కొత్త కాదు. బెంగాల్-నాగపూర్ రైల్వే రోజుల నుంచి ఉద్యోగాల కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఊరది. ఆ ఊరి పక్కనే, 1931లో ఇద్దరు స్వాతంత్ర్య యోధులు కాల్పుల్లో మరణించిన హిజ్లీ నిర్బంధ శిబిరం ఉంది. తర్వాత దేశంలో తొలి ఐఐటీ మొదలైంది కూడా అక్కడే. ఈ రెంటికీ నడుమ, ఆ భవనంలో అమెరికా 20వ బాంబర్ కమాండ్ కేంద్రం నడిచింది.

ఆ కమాండ్ పగ్గాలు చేపట్టడానికి 1944 ఆగస్టు చివర్లో ఖరగ్‌పూర్ వచ్చిన అధికారి కర్టిస్ లెమే. మరుసటి ఏడాది టోక్యోను కాల్చి బూడిద చేసిన దాడులు నడిపింది ఆయనే. 1948 నుంచి 1957 దాకా అమెరికా వ్యూహాత్మక వైమానిక కమాండ్‌ను అణుయుద్ధ యంత్రంగా తీర్చిదిద్దిందీ ఆయనే. బి-29ల కోసం ఏర్పాటైన 20వ వైమానిక సేనే హిరోషిమా, నాగసాకిల మీద అణుబాంబులు వేసింది. ఇవాళ అమెరికా ఖండాంతర క్షిపణులన్నీ ఆ 20వ వైమానిక సేన కిందే ఉన్నాయి. 341వ వింగ్ కూడా దాని కిందే పనిచేస్తోంది. అణుయుగపు అమెరికా వైమానిక శక్తి వంశవృక్షాన్ని కిందికి తవ్వుకుంటూ పోతే రెండు వేర్లు సింగ్‌భూమ్, మేదినీపూర్ ఎర్రమట్టిలో దొరుకుతాయి. మన యుద్ధ చరిత్రల్లో ఈ ప్రాంతానికి దక్కిన చోటు చాలా తక్కువ.

యుద్ధం ముగిసింది. 1945 నవంబరులో గ్రూపును రద్దు చేశారు. అక్కడితో కథ ముగిసి ఉండాలి. కానీ అమెరికా వైమానిక దళంలో రద్దయిన దళాల పేర్లను, పతకాలను, చిహ్నాలను భద్రపరిచి, అవసరమైనప్పుడు కొత్త దళాలకు వారసత్వంగా అప్పగించే సంప్రదాయం ఉంది. మనుషులు వేరు, ఊరు వేరు, ఆయుధం వేరు. కొనసాగేది అంకె ఒక్కటే. 1955 సెప్టెంబరు 1న టెక్సాస్‌లోని అబిలీన్ స్థావరంలో 341వ బాంబర్ వింగ్ ఏర్పడినప్పుడు పాత గ్రూపు చరిత్ర, గౌరవాలు దానికి సంక్రమించాయి. మరుసటి ఏడాది ఆ స్థావరానికి డైస్ అని పేరు మార్చారు. ఇది కాగితాల మీది వారసత్వమే కావచ్చు. అయినా కొత్తగా చేరిన ఇరవై ఏళ్ల కుర్రవాడికి తన వెనక బర్మా వంతెనలున్నాయని చెప్పడంలో బలం ఉంది. సైన్యాలు ఆ సంగతి తెలిసే ఈ సంప్రదాయాన్ని పాటిస్తాయి.

డైస్‌లో వింగ్‌కు ఇచ్చినవి బి-47లు. అప్పటి వ్యూహాత్మక కమాండ్‌కు వెన్నెముక ఈ విమానం. రెండు వేలకు పైగా తయారయ్యాయి. వెనక్కి వంచిన రెక్కలు, వాటికింద వేలాడే ఆరు జెట్ ఇంజన్లు, నడిపేందుకు ముగ్గురే మనుషులు. అయితే దాని పొట్టలో పట్టే ఇంధనంతో సోవియట్ యూనియన్ దాకా వెళ్లి రావడం అయ్యే పని కాదు. దారిలో గాలిలోనే కేసీ-97 ట్యాంకర్ నుంచి ఇంధనం నింపుకోవాలి. ఆ ట్యాంకర్ ప్రొపెల్లర్లతో నడిచేది, నెమ్మదైనది. దానికి సరిపడేలా జెట్ బాంబర్ తన ఎత్తూ వేగమూ తగ్గించుకుని వచ్చేది. ట్యాంకరేమో వేగం పెంచుకోవడానికి కిందికి వాలుతూ ఎగిరేది. రెండు విమానాలూ గొట్టంతో ముడిపడి కలిసి దిగుతూ ఉంటే, కూలిపోయే వేగానికి అంగుళం దూరంలో బాంబర్‌ను నిలపడం పైలట్ నైపుణ్యానికి గీటురాయి.

ఈ దశలోనే ఎదురుచూపు మొదలైంది. 1957 నుంచి కమాండ్ తన బాంబర్లలో ఒక భాగాన్ని, క్రమంగా మూడో వంతును, 15 నిమిషాల్లో ఎగరగలిగేలా రన్‌వే పక్కనే సిద్ధంగా ఉంచసాగింది. విమానంలో ఇంధనం, బాంబు ఉంటాయి. సిబ్బంది దగ్గరలోనే తిని, పడుకుని, సైరన్ మోగితే పరుగెత్తాలి. ప్రతి మోతా సాధనే కావచ్చు. ఏది నిజమైనదో ముందు తెలియదు. ఇంత దగ్గరగా అణుబాంబులను పెట్టుకుని బతకడం ఎంత ప్రమాదకరమో డైస్‌లోనే రుజువైంది. 1958 నవంబరు 4న పైకి లేస్తుండగానే ఓ బి-47కు మంటలంటుకున్నాయి. దాదాపు 1,500 అడుగుల ఎత్తు నుంచి అది కూలింది. ఆ రోజు అందులో ఉన్న నలుగురిలో ముగ్గురు దూకి బయటపడ్డారు, ఒకరు చనిపోయారు. లోపలున్న అణ్వస్త్రంలోని మామూలు పేలుడు పదార్థం పేలి నేలలో 35 అడుగుల వెడల్పు, 6 అడుగుల లోతు గొయ్యి పడింది. అణు విస్ఫోటనం జరగలేదు. శత్రువు ప్రమేయమేమీ లేకుండా, సొంత స్థావరం అంచున, మామూలు రోజున జరిగిన ప్రమాదమిది. యుద్ధం రాకపోయినా ప్రాణాలు పోయే కొత్త పద్ధతి ఒకటి మొదలైంది.

బి-47ల కాలం త్వరగానే ముగిసింది. 1957లో సోవియట్ యూనియన్ ఖండాంతర క్షిపణిని పరీక్షించి, స్పుత్నిక్‌ను కక్ష్యలోకి పంపడంతో 15 నిమిషాల వ్యవధి కూడా ఎక్కువనిపించింది. అమెరికా దగ్గర అట్లాస్, టైటాన్ క్షిపణులు ఉన్నాయి కానీ వాటికి ప్రయోగానికి ముందు ద్రవ ఇంధనం నింపాలి. ద్రవరూప ఆక్సిజన్ గొట్టాలు, పంపులు, వాల్వులు, వాటిని చూసుకునే పెద్ద సిబ్బంది కావాలి. కల్నల్ ఎడ్వర్డ్ హాల్ ముందుకు తెచ్చిన మినిట్‌మ్యాన్ ఆలోచన వేరు. తయారీలోనే క్షిపణి లోపల పోతపోసిన ఘన ఇంధనం ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. నింపనక్కర్లేదు, చల్లబరచనక్కర్లేదు. మీట నొక్కితే రగులుకుంటుంది. చవక కాబట్టి వందల సంఖ్యలో పెట్టవచ్చు. ఒక్కోదాన్ని మైళ్ల దూరంలో విడివిడిగా పాతిపెడితే శత్రువు ఒకే దెబ్బతో రెండింటిని నాశనం చేయలేడు. ఈ ఆలోచన గొప్పతనమూ భయంకరత్వమూ ఒకే చోట ఉన్నాయి. సన్నద్ధత అనేది ఇక మనుషులు కష్టపడి సాధించే స్థితి కాదు. యంత్రం తన మానాన తాను నిలుపుకునే శాశ్వత స్థితి.

1961 జూన్‌లో డైస్‌లో బాంబర్ వింగ్‌ను రద్దు చేసి, మూడు వారాలు తిరగకముందే, జూలై 15న అదే అంకెతో మోంటానాలోని మాల్మ్‌స్ట్రోమ్ స్థావరంలో తొలి మినిట్‌మ్యాన్ వింగ్‌ను ఏర్పాటు చేశారు. ఆ చోటును ఎంచుకోవడానికి కారణాలున్నాయి. తొలి మినిట్‌మ్యాన్ అనుకున్నంత దూరం వెళ్లలేకపోయింది. మోంటానా ఉత్తరాన, సముద్రమట్టానికి బాగా ఎత్తున ఉండటం ఆ లోటును కొంత పూడ్చింది. గ్రేట్ ఫాల్స్ పట్టణాన్ని ఆనుకుని ఉన్న ఈ స్థావరానికి వింతైన గతం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సోవియట్ యూనియన్‌కు సాయంగా ఇచ్చిన విమానాల్లో దాదాపు 8,000 ఇక్కడి నుంచే అలాస్కా మీదుగా వెళ్లాయి. ఇరవై ఏళ్లలోపే అదే నేలలో అదే దేశం మీదికి గురిపెట్టిన క్షిపణులు పాతారు.

సైలోల తవ్వకం 1961 మార్చిలో మొదలైంది. క్షిపణి తొలి ప్రయోగ పరీక్ష అంతకు నెల ముందే జరిగిందని గుర్తుంచుకుంటే ఆ తొందర ఎంతటిదో తెలుస్తుంది. రైతుల పొలాల్లో చిన్న చిన్న ముక్కలు సేకరించి, 80 అడుగుల లోతు గోతులు తవ్వారు. పది సైలోలకు ఒక భూగర్భ ప్రయోగ కేంద్రం. అలాంటివి ఐదు కలిస్తే ఒక స్క్వాడ్రన్. 10, 12, 490 అంకెలతో మూడు స్క్వాడ్రన్లు ఏర్పడ్డాయి. మూ నది వంతెన కూల్చిన 490వ స్క్వాడ్రన్ వారసత్వం ఇప్పుడు ఒక క్షిపణి స్క్వాడ్రన్‌ది. మొత్తం క్షిపణి క్షేత్రం 13,800 చదరపు మైళ్లు. కృష్ణా, గుంటూరు, ప్రకాశం పాత జిల్లాలు మూడూ కలిపినా దానికంటే కొంచెమే పెద్దవి.

పనులు సగంలో ఉండగానే 1962 అక్టోబరు వచ్చింది. క్యూబాలో సోవియట్ క్షిపణుల ఫొటోలు బయటపడ్డాయి. కెనడీ 22న జాతినుద్దేశించి ప్రసంగించారు. వ్యూహాత్మక కమాండ్ యుద్ధానికి ఒక్క మెట్టు కింది స్థాయి సన్నద్ధతకు వెళ్లింది. మాల్మ్‌స్ట్రోమ్‌లో ఆల్ఫా అనే పది సైలోల విభాగపు క్షిపణులు కొన్ని గోతుల్లో ఉన్నాయి కానీ వ్యవస్థ పూర్తి కాలేదు. నిబంధనల ప్రకారం ఒక ప్రయోగ కేంద్రం ఆదేశాన్ని మరో కేంద్రం బలపరిస్తేనే క్షిపణి వెంటనే బయలుదేరాలి. రెండో కేంద్రం ఇంకా సిద్ధంగా లేదు. అప్పుడు సిబ్బంది చేసిందేమిటంటే, రెండో కేంద్రంలో ఉండవలసిన నియంత్రణ ఫలకాన్ని తెచ్చి ఆల్ఫా కేంద్రంలోనే తీగలతో కలిపేశారు. అక్టోబరు చివరి వారంలో, సంక్షోభం పతాక స్థాయిలో ఉండగా, తొలి మినిట్‌మ్యాన్ విధుల్లో చేరింది. ‘ఆఖరి తురుపు ముక్క’ అని కెనడీ దాన్ని మెచ్చుకున్నారని వింగ్‌లో ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు.

ఆ గర్వం పక్కనే ఇంకో విషయం ఉంచాలి. ఒక్క గదిలోని మనుషులు తామంతట తాము అణ్వస్త్రాన్ని ప్రయోగించకూడదన్న ఉద్దేశంతో పెట్టిన రక్షణను ఆ సిబ్బంది తీగలతో దాటేశారు. వారి నిబద్ధతను శంకించనక్కర్లేదు. మూ నది మీద ఎర్డిన్ చూపిన సమయస్ఫూర్తే అది. బర్మాలో ఆ గుణం స్క్వాడ్రన్‌కు గొప్ప పద్ధతిని ఇచ్చింది. ఇక్కడ అదే గుణం ప్రపంచానికి పెనుప్రమాదం. ఈ దళం చరిత్ర మొత్తంలో అతి ముఖ్యమైన మలుపు ఇదే. అప్పటిదాకా సైన్యం మెచ్చుకున్న చొరవను, ఇక మీదట తాళాలు వేసి బంధించాల్సి వచ్చింది.

ఆ బంధనం ఎలా ఉంటుందో ప్రయోగ కేంద్రంలోకి వెళ్తే తెలుస్తుంది. నేలకు దాదాపు 60 అడుగుల కింద, టన్నుల బరువున్న తలుపు వెనక, పేలుడు అదురును తట్టుకునేలా వేలాడదీసిన ఇరుకు గది. అందులో ఇద్దరు అధికారులు 24 గంటలు ఉంటారు. ఎక్కువమంది పాతికేళ్ల వయసువారే. ఇద్దరి ముందూ వేర్వేరు తాళం రంధ్రాలు, వాటి మధ్య పన్నెండు అడుగుల దూరం. ఒక్కరే రెండు తాళాలూ తిప్పడం కుదరకూడదన్నది ఆ దూరం వెనక ఉద్దేశం. ఇద్దరూ ఒకేసారి తిప్పినా స్క్వాడ్రన్‌లోని మరో కేంద్రం నుంచి సమ్మతి రావాలి. సంకేతాలు, ముద్ర వేసిన పెట్టె, జాబితా చూసి జాబితాలో ఉన్నదే చేయడం. సొంత తెలివికి చోటు లేకుండా చేయడమే ఆ ఏర్పాటు లక్ష్యం.

ఇంత కట్టుదిట్టమైన వ్యవస్థలోనూ యంత్రం మొరాయించిన రోజులున్నాయి. 1967 మార్చి 16న ఎకో విభాగంలోని పది క్షిపణులూ కొన్ని క్షణాల్లోనే ఒకదాని వెంట ఒకటి పనిచేయడం మానేశాయి. ఎగిరే పళ్లాల వల్లే అలా జరిగిందని చెప్పుకునేవారు ఈనాటికీ ఉన్నారు. ఇంజనీర్ల పరిశోధన మాత్రం విద్యుత్ పరికరాల్లోకి చొరబడిన అవాంఛిత తరంగం వైపు చూపించింది. దాంతోపాటు తాళాల మీద కూడా వివాదం నడిచింది. 1970ల ఆరంభంలో ఇదే వింగ్‌లో ప్రయోగ అధికారిగా పనిచేసి, తర్వాత అణ్వస్త్ర నిర్మూలన ఉద్యమకారుడైన బ్రూస్ బ్లెయిర్, అప్పట్లో క్షిపణుల తాళం సంకేతాన్ని ఎనిమిది సున్నాలుగా ఉంచారని వెల్లడించారు. వైమానిక దళం దాన్ని ఖండించింది. ఆ వివాదం తేలకపోయినా అందులోని ప్రశ్న అసలైనది. అణ్వస్త్రం ఆదేశం లేకుండా పేలకూడదు, ఆదేశం వస్తే పేలకుండా ఉండకూడదు. ఈ రెండు కోరికలూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. సున్నాల కథను నమ్మినవారు అంతమంది ఉన్నారంటే, రెండో కోరికే ఎప్పుడూ పైచేయి సాధిస్తుందన్న అనుమానం జనంలో బలంగా ఉందని అర్థం.

ఆ తర్వాతి ఇరవై అయిదేళ్లు త్వరగా చెప్పుకోవచ్చు. 1967 నాటికి 564వ స్క్వాడ్రన్ చేరి క్షిపణుల సంఖ్య 200 అయింది. 1991 సెప్టెంబరు 27న అధ్యక్షుడు జార్జ్ బుష్ ఆదేశంతో మినిట్‌మ్యాన్-2లన్నీ విధుల నుంచి తప్పుకున్నాయి. వాటి స్థానంలోకి క్రమంగా మినిట్‌మ్యాన్-3లు వచ్చాయి. మరుసటి ఏడాది లెమే కట్టిన వ్యూహాత్మక కమాండే రద్దయింది. 1997లో ఈ దళానికి ‘స్పేస్ వింగ్’ అని పేరు పెట్టి, 2008లో మళ్లీ క్షిపణి వింగ్‌గా మార్చారు. 564వ స్క్వాడ్రన్ రద్దయి క్షిపణులు 150కి తగ్గాయి. ఒక్కో క్షిపణికి మూడు వార్‌హెడ్లకు బదులు ఒకటే ఉంచారు. ఆ మార్పిడిలో చివరి క్షిపణి 2014 జూన్‌లో మాల్మ్‌స్ట్రోమ్‌దే. పేర్లు ఇన్నిసార్లు మార్చడమే పాలకులకు ఈ దళంతో ఏం చేయాలో పాలుపోలేదని చెబుతుంది. శత్రువు చెదిరిపోయాక కూడా ఆ ఇద్దరు అధికారులు ఆ గదిలో 24 గంటలు కూర్చుంటూనే ఉన్నారు.

ఆ ఖాళీ ఎంత ప్రమాదకరమో 2014లో బయటపడింది. మాదకద్రవ్యాల మీద మొదలైన దర్యాప్తులో అనుకోకుండా మరో విషయం తేలింది. ప్రతినెలా రాయవలసిన నైపుణ్య పరీక్షల జవాబులను అధికారులు ఫోన్లలో ఒకరికొకరు పంపుకుంటున్నారు. వింగ్‌లోని దాదాపు 190 మంది ప్రయోగ అధికారుల్లో 92 మంది పేర్లు దర్యాప్తులోకి వచ్చాయి. వింగ్ కమాండర్ రాజీనామా చేశారు. మరో తొమ్మిది మంది అధికారులను పదవుల నుంచి తప్పించారు. పరీక్షలో ఉత్తీర్ణతకు 90 శాతం చాలు. అయినా 100 తెచ్చుకోని వారికి పదోన్నతి దక్కదన్న భావన బలపడింది. మార్కులే మనిషి యోగ్యతకు ఏకైక కొలమానమయ్యాయి.

వారిని సోమరులని తిట్టడం తేలిక, అన్యాయం కూడా. మోసం క్షమించరానిదే. కానీ దాన్ని పెంచి పోషించింది ఆ పని స్వభావం. బర్మాలో వంతెన కూలిందో లేదో అందరికీ కనిపించేది. ఇక్కడ పని సరిగా జరుగుతోందనడానికి నిదర్శనం ఏమీ జరగకపోవడమే. ఏమీ జరగకపోవడాన్ని కొలవలేక సంస్థ కాగితం మీది అంకెలను కొలిచింది. కొలిచేది ఏదైతే అదే అసలు పనిగా మారిపోయింది. తాళం తిప్పే పాతికేళ్ల యువకుడి నిజాయితీ మీద ప్రపంచమంతా ఆధారపడి ఉండగా, ఆ నిజాయితీని పిండేసే పద్ధతిని పైవాళ్లే పెట్టడం ఈ వ్యవహారంలో అన్నిటికంటే ఆందోళన కలిగించే సంగతి.

ఆ గది వారికి మరో రకంగానూ కీడు చేసి ఉండవచ్చు. మాల్మ్‌స్ట్రోమ్‌లో పనిచేసిన అధికారుల్లో లింఫోమా అనే రక్త సంబంధ క్యాన్సర్ కేసులు ఉన్నాయని 2023 ఆరంభంలో వెలుగులోకి వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులో అక్కడి భూగర్భ కేంద్రాల్లో నిషేధిత పీసీబీ రసాయనాలు పర్యావరణ పరిమితికి మించి ఉన్నట్టు తేలింది. పాత విద్యుత్ పరికరాల్లో వాడే ఆ రసాయనాలు క్యాన్సర్ కారకాలుగా గుర్తించినవే. వైమానిక దళం శుభ్రం చేసే పనీ, విస్తృత అధ్యయనమూ మొదలుపెట్టింది. మూసిన తలుపుల వెనక దశాబ్దాల పాటు అదే గాలి పీల్చినవారికి ఈ జవాబు చాలా ఆలస్యంగా వచ్చింది.

ఈ కథ మనకూ దూరమేమీ కాదు. అణ్వస్త్రాల నిర్వహణ కోసం భారత్ 2003లో వ్యూహాత్మక దళాల కమాండ్‌ను ఏర్పాటు చేసింది. ద్రవ ఇంధనపు పృథ్వి నుంచి ఘన ఇంధనపు అగ్ని దాకా మన ప్రయాణమూ అమెరికా నడిచిన దారినే పోలి ఉంటుంది. ఆ కృషిలో పెద్ద భాగం హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధనశాలలది. 2024 మార్చిలో అనేక వార్‌హెడ్లతో పరీక్షించిన అగ్ని-5 కూడా అక్కడిదే. మూసిన గొట్టంలో ఉండే క్షిపణి త్వరగా ప్రయోగించడానికి అనువుగా ఉంటుంది. ముందుగా అణ్వస్త్రం వాడబోమన్న విధానం ఉన్న దేశానికి అంత తొందర ఎంతవరకు అవసరమన్న చర్చ మన దగ్గర ఇంకా జరగాల్సినంత జరగలేదు. క్షిపణి ఎగిరిన రోజు సంబరాల వార్తలు వస్తాయి. దానికి ఏళ్ల తరబడి కాపలా కాయబోయే వారి శిక్షణ, ఆరోగ్యం, ఒత్తిడి గురించి ఒక్క పేరా కూడా రాదు.

మాల్మ్‌స్ట్రోమ్‌లోని మినిట్‌మ్యాన్-3లు పదేళ్ల కోసం తయారైనవి. 1970లో విధుల్లో చేరిన ఆ రకం యాభై ఏళ్లు దాటినా కొనసాగుతోంది. వాటి స్థానంలో సెంటినెల్ అనే కొత్త క్షిపణి రావాలి. 2024 జూలై నాటికి ఆ పథకం అంచనా వ్యయం 81 శాతం పెరిగి దాదాపు 14,100 కోట్ల డాలర్లకు చేరింది. పాత సైలోలకే మరమ్మతు చేసి వాడుకోవచ్చని మొదట అనుకున్నారు. ఇప్పుడు చాలావరకు కొత్తవి తవ్వక తప్పదంటున్నారు. వయోమింగ్‌లోని వారెన్ స్థావరం తర్వాత వంతు మాల్మ్‌స్ట్రోమ్‌దే. అప్పటిదాకా పాత క్షిపణుల భారం 341వ వింగ్‌దే. 490వ స్క్వాడ్రన్ సిబ్బంది ఇద్దరిద్దరు చొప్పున రోజు మార్చి రోజు ఆ గదుల్లోకి దిగుతూనే ఉంటారు.